ఉత్త గిన్నె వెనక్కి పంపకూడదు: పిల్లలకు ఇచ్చే గుణం, మర్యాద అలవాటు చేయడం ఎలా

పక్కింటివాళ్ళు చేపల పులుసు పంపిన గిన్నెను మా వీధిలో ఎవరూ ఉత్తది తిరిగి ఇవ్వరు. కడిగి, పొడి గుడ్డతో తుడిచి, అందులో నాలుగు నిమ్మకాయలో, గుప్పెడు మునగాకో, ఏమీ లేనినాడు ఒక బెల్లం ముక్కో వేసి పంపుతారు. స్టీలు గిన్నె అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంటుంది కాబట్టి అది ఎవరిదో మరిచిపోవడానికి వీలుండదు. నాకు అయిదారేళ్ళ వయసులో మా అవ్వ ఆ గిన్నెను నా చేతికిచ్చి, "రెండు చేతులతో పట్టుకో. గుమ్మం దగ్గర నిలబడి పెద్దమ్మా అని పిలువు. వచ్చినాక చేతికియ్యి, కింద పెట్టేసి రాబాక" అని చెప్పి పంపేది. ఇవ్వడం, మర్యాద అనేవి రెండు వేరువేరు చదువులు కావని నాకు తెలిసింది ఆ గిన్నె మోసిన రోజుల్లోనే.

ముప్పై ఏళ్ళకు పైగా కావలి చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పాను. పిల్లలకు ఇవ్వడం నేర్పడం అంత కష్టమైన పని కాదు. పుచ్చుకునేవారి తల వంగకుండా ఇవ్వడం నేర్పడమే కష్టం. అది నీతులు చెబితే రాదు. చేతులతో చేయించగా చేయించగా, వయసుకు తగిన క్రమంలో, ఏళ్ళ మీద వస్తుంది. మీ ఇంట్లో నాలుగేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు ఉన్నట్లయితే ఆ క్రమం మీకు పనికివస్తుందనే నమ్మకంతో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట ఇంట్లో పెద్దల మాటను సరిచూసుకోండి

పిల్లలకు ఏదైనా చెప్పబోయే ముందు ఒక వారం రోజులపాటు మీ మాటను మీరే గమనించండి. గ్యాస్ బండ తెచ్చినతన్ని, నీళ్ళ క్యాన్ మోసుకొచ్చిన అబ్బాయిని, అంట్లు తోమే ఆమెను, ఆటో నడిపే పెద్దాయనను మీరు ఏమని పిలుస్తున్నారో రాత్రి పడుకునే ముందు ఒక కాగితం మీద రాసుకోండి. వయసులో మీకంటే పెద్దవారిని "నువ్వు" అంటున్నారేమో, వారు వెళ్ళిపోయిన తరువాత "వాడు", "అది" అంటున్నారేమో చూసుకోండి. ఎదురుగా ఉన్నప్పుడు మనం అన్న మాట కంటే, వారు గుమ్మం దాటిన తరువాత మనం అన్న మాటనే పిల్లలు గట్టిగా పట్టుకుంటారు. అన్న, అక్క, పెద్దాయన, పెద్దమ్మ, అవ్వ అనే పిలుపులు మన ప్రాంతంలో ముక్కూమొహం తెలియనివారికి కూడా సరిపోతాయి. వాటిని ముందుగా మీ నోటి నుంచి విననివ్వండి.

ఆ తరువాత వంటింట్లోకి వెళ్ళి గ్లాసులు చూడండి. పనిచేసే ఆమెకు కాఫీ పోసే గ్లాసు వేరుగా కిటికీలోనో, పంపు దగ్గరో బోర్లించి ఉంటే, మిగిలిన పనులేవీ మొదలుపెట్టకముందే దాన్ని తీసి అందరి గ్లాసులతో కలపండి. మీరు నోటితో చెప్పే మంచి మాటలన్నిటినీ ఆ ఒక్క గ్లాసు తుడిచేస్తుంది, ఎందుకంటే మనుషుల్లో ఎక్కువ తక్కువలు ఉంటాయని పిల్లవాడికి అది రోజుకు రెండు పూటలా చూపిస్తూనే ఉంటుంది. 1985 జూలైలో, అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడులో, తాగునీటి చెరువులో మురికినీరు కలపవద్దన్నందుకు మొదలైన గొడవ మరునాటికి ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. పదమూడు పద్నాలుగేళ్ళు వచ్చిన పిల్లలకు ఈ సంగతి దాచకుండా చెప్పండి. నీళ్ళ దగ్గర, గ్లాసు దగ్గర చూపే తేడా ఎంత దూరం వెళ్ళగలదో మన జిల్లాల పిల్లలకు తెలిసి ఉండాలి.

నాలుగేళ్ళు దాటిన తరువాత చేతికి పని ఇవ్వండి

ఈ వయసు పిల్లల దగ్గర తల్లిదండ్రులు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. ఇంటికి చుట్టాల పిల్లవాడు వచ్చి ఏడిస్తే, మన పిల్లవాడి చేతిలోని బొమ్మను లాగి "తమ్ముడికి ఇవ్వాలమ్మా" అంటూ ఇచ్చేస్తాం. అక్కడ ఇచ్చింది మనం. పిల్లవాడికి మిగిలింది పోగొట్టుకున్నానన్న బాధ, మళ్ళీ ఎవరైనా వస్తే దాచుకోవాలన్న తెలివి. అలా చేయకుండా, చుట్టాలు రాకముందే పిల్లవాడిని కూర్చోబెట్టి, ఎవరికీ ఇవ్వడం ఇష్టం లేని రెండు బొమ్మలను వాడినే తీసి బీరువాలో పెట్టుకోమనండి. మిగిలినవి అందరివని చెప్పండి. తనవి భద్రంగా ఉన్నాయని తెలిసిన పిల్లవాడు మిగిలినవాటిని ఎంత తేలికగా పంచుతాడో మీరే చూస్తారు.

ఇచ్చే పని మాత్రం వాడి చేతితోనే జరగాలి. ధనుర్మాసంలో హరిదాసు గుమ్మంలోకి వచ్చినప్పుడు బియ్యం మీరు వేసి, దణ్ణం పిల్లవాడితో పెట్టించవద్దు. బియ్యం వాడి దోసిట్లోనే పోయండి. సగం గచ్చు మీద ఒలికినా ఫరవాలేదు. ఆయన తల మీది పాత్ర అందడానికి వంగి కూర్చుంటే, ఈ చిన్న చేతులు పైకి చాచి బియ్యం వేస్తాయి. పుచ్చుకోవడానికి వంగిన ఆ పెద్దమనిషికే ఇప్పుడు దణ్ణం పెట్టాలన్న సంగతి పిల్లవాడికి అర్థమవుతుందో లేదో ఆ రోజు తెలియదు. కానీ చేయి మరిచిపోదు.

ఇంటికి వచ్చినవారికి మంచినీళ్ళు ఇవ్వడం ఇంకొక చదువు, దీన్ని కొంచెం ఓపికగా నేర్పాలి. గ్లాసును అంచు దాకా నింపకుండా ముప్పాతిక వంతు నింపాలి. మూతి తగిలే అంచు మీద వేళ్ళు పడకుండా కింది భాగం పట్టుకోవాలి. ఎడమ చేత్తో ఇవ్వకూడదు. గ్లాసు ఇచ్చేసి పరుగెత్తకుండా వారు తాగేదాకా నిలబడి, "ఇంకొంచెం తెమ్మంటారా" అని అడిగి, ఖాళీ గ్లాసును తానే తీసుకుపోవాలి. నలభై డిగ్రీలు దాటే మే నెల ఎండల్లో పార్సిల్ తెచ్చిన అబ్బాయికి, మీటరు రీడింగు తీసేవారికి, చెత్తబండి వాళ్ళకు కూడా ఇదే వరసలో, ఇవే గ్లాసులతో నీళ్ళు ఇప్పించండి. కనిగిరి వైపు ఊళ్ళలో భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి తాగే నీటిని కొనుక్కుని, మోసుకుని తెచ్చుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. అటువంటి ఇంట్లో కూడా వచ్చినవారికి మొదట మంచినీళ్ళే ఇస్తారు. నీటి విలువ తెలిసినవారు ఇచ్చే నీళ్ళకు ఉన్న బరువును మీ పిల్లలకు ఒకసారి చూపించగలిగితే తప్పక చూపించండి.

అన్నం దగ్గర నేర్పవలసినవి

ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి పిల్లలకు వడ్డించడం రావాలి. పెళ్ళిళ్ళలో బఫేలు వచ్చిన తరువాత ఈ చదువు పోతోందని నాకు నిజంగా దిగులుగా ఉంటుంది, ఎందుకంటే ఎదుటివారి ఆకలిని వారి మొహంలో చదవడం బంతి భోజనంలో వడ్డించినవారికి తెలిసినట్లుగా ఇంకెవరికీ తెలియదు. ఇంట్లో నెలకు ఒక ఆదివారమైనా అందరూ నేల మీద వరుసగా కూర్చుని, ఒక పూట పిల్లలు వడ్డించేలా ఏర్పాటు చేయండి.

వడ్డించేటప్పుడు మొదటి మనిషికి ఎంత పెట్టారో చివరి మనిషికీ అంతే మిగలాలన్న లెక్క పిల్లలకు దానంతటదే రాదు. మొదటి ముగ్గురికి రెండేసి వడలు వేసి, చివరివారి దగ్గరకు ఖాళీ గిన్నెతో వెళ్ళి నిలబడినప్పుడు కలిగే సిగ్గు ఒకసారి వారికి కలగనివ్వండి. మధ్యలో జోక్యం చేసుకోవద్దు. మారు అడగడానికి మొహమాటపడేవారు ప్రతి బంతిలోనూ ఉంటారు. "మీకు కావాలా?" అని అడిగితే వారు "వద్దు" అనే అంటారు. "కొంచెం వేయించుకోండి పెద్దమ్మా" అంటూ గరిటె దగ్గరగా తీసుకుపోయి, వారి చేయి విస్తరి మీద అడ్డంగా వచ్చిందా, ఊరికే పైకి లేచిందా అన్నది చూడమని చెప్పండి. అడ్డం వచ్చిన చేతిని గౌరవించాలి. రెండుసార్లు కంటే ఎక్కువ బలవంతం చేయడం ప్రేమ కాదని నా అభిప్రాయం. షుగర్ ఉన్నవారి విస్తట్లో మలై కాజా వేసి, తినకపోతే నొచ్చుకోవడం పెద్దలు కూడా మానుకోవాలి.

తినేవారి మర్యాద గురించి రెండు మాటలు చాలు. పక్కవారికి వడ్డన అయ్యేదాకా ఆగాలి, పెద్దవారు ఇంకా తింటూ ఉంటే లేవకూడదు. వండినవారిని వెతుక్కుంటూ వెళ్ళి "అత్తా, పప్పుచారు బాగుంది" అని చెప్పి రావడం మూడో మాటగా చేర్చినా బాగుంటుంది. పెళ్ళి వంటలు చేసే మాస్టారికి పదేళ్ళ పిల్లవాడు ఆ మాట చెప్పగా ఆయన గరిటె పక్కన పెట్టి వాడి తల నిమరడం నేను చూశాను.

ఎవరూ చూడకుండా ఇవ్వడం

నేను ఆరో తరగతిలో ఉండగా మా అమ్మ నా పరికిణీ ఒకటి పొట్టిదయిందని ఉతికి, ఇస్త్రీ చేయించి, నాతో చదువుకునే ఒక అమ్మాయికి ఇమ్మని పంపింది. ఆకుపచ్చ పరికిణీ, అంచున జరీ చార. నేను ప్రార్థన అయిన తరువాత, అందరూ వరుసల్లో ఉండగానే, ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళి "మా అమ్మ నీకు ఇమ్మంది" అని చేతిలో పెట్టాను. మంచి పని చేస్తున్నానన్న సంతోషంలో గొంతు కూడా పెద్దదే చేశాను. ఆ అమ్మాయి దాన్ని పుచ్చుకుంది, సంచీ అడుగున పెట్టుకుంది. ఆ పరికిణీని ఆమె ఒక్కరోజు కూడా కట్టలేదు. ఆ ఏడాదంతా నా పక్కన కూర్చోలేదు. నేను చేసిన తప్పేమిటో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసేనాటికి ఆ అమ్మాయి ఎక్కడుందో తెలియదు. ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే శ్రద్ధగా చెప్పదలచుకున్నది ఈ భాగమే.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లలకు ఇది నేర్పండి. ఇవ్వదలచుకున్న వస్తువును ముందు పిల్లలే పరీక్షించాలి: గుండీలు ఉన్నాయా, జిప్పు పడుతోందా, నేను దీన్ని రేపు వేసుకుని బయటికి వెళ్ళగలనా? వెళ్ళలేను అనిపిస్తే అది ఇల్లు తుడవడానికి పనికివచ్చే గుడ్డే తప్ప ఇవ్వవలసిన బట్ట కాదు. ఆ తరువాత, ఇచ్చే చోటు వారి ఇల్లు గాని, మన ఇల్లు గాని అయి ఉండాలి. బడి, గుడి, వీధి కాకూడదు. పిల్లల చేతుల మీదుగా కాకుండా తల్లి తల్లితో మాట్లాడి ఇవ్వడం చాలాసార్లు మేలు. "మీకు అవసరం కదా" అనే మాట నోట రాకూడదు. "మా పాపకు పొట్టిదయింది, మీ చిన్నదానికి సరిపోతుందేమో చూడు అక్కా" అనవచ్చు. కుదిరితే వారి దగ్గర కూడా ఏదైనా అడిగి తీసుకోండి, కరివేపాకు రెబ్బ అయినా సరే. ఇవ్వగలిగిన ఇంటివారిగా వారు తమను తాము చూసుకోవాలి. చివరిది, ఇచ్చిన తరువాత ఆ వస్తువు సంగతి ఇంట్లో కూడా మళ్ళీ ఎత్తకూడదు. "ఆ గౌను మనదే కదమ్మా" అని మీ పాప వీధిలో గట్టిగా అంటే, అప్పటిదాకా చేసినదంతా వృథా అయినట్లే.

ఫొటోల గురించి నేను కఠినంగానే చెబుతాను. దుప్పటి ఇస్తూ, పండ్లు ఇస్తూ, పుస్తకాలు ఇస్తూ ఫొటో తీయించుకోవడం పిల్లలకు ఎట్టి పరిస్థితుల్లోనూ అలవాటు చేయకండి. పుట్టినరోజుకు అనాథాశ్రమానికి తీసుకువెళ్ళి కేకు కోయించే పద్ధతి కూడా నాకు నచ్చదు. తల్లీతండ్రీ లేని పిల్లల ముందు, తల్లీతండ్రీ పక్కన నిలబడి కేకు కోసే పిల్లవాడు ఇస్తున్నదేమిటో ఆలోచించండి. ఆశ్రమం నడిపేవారికి ముందురోజే ఫోన్ చేసి ఏం కావాలో అడిగి, బియ్యమో, సబ్బులో, నోటు పుస్తకాలో పంపి, పుట్టినరోజు ఇంట్లో చేసుకోండి.

2021 నవంబరులో పెన్నా వరద కోవూరు ప్రాంతంలో ఇళ్ళలోకి వచ్చినప్పుడు మా వీధి పిల్లలతో బట్టలు ఏరించాం. పెద్దలు తెచ్చిన మూటల్లో చిరిగిన చీరలు, జత లేని చెప్పులు, రంగు వెలిసిన కర్టెన్లు ఉన్నాయి. పిల్లలు మాత్రం కూర్చుని, బురదనీళ్ళలో ఉన్నవాళ్ళకు ఏం కావాలని ఒకరినొకరు అడుగుకుని, పొడి చాపలు, తాగే నీళ్ళు, పాలపొడి, కొవ్వొత్తులు, దోమల చక్రాలు, కొత్త లోదుస్తులు అని రాశారు. పన్నెండేళ్ళ పాప ఒకతె చివర్లో నెమ్మదిగా ప్యాడ్లు అని కూడా చేర్చింది. ఎదుటివారి స్థానంలో కూర్చుని ఆలోచించగలగడం ఆ వయసుకు వస్తుంది. అది వచ్చిన వెంటనే పని చెప్పాలి.

పుచ్చుకోవడం కూడా నేర్పాలి

ఎప్పుడూ ఇచ్చే వైపే ఉండే పిల్లలకు తెలియకుండానే గర్వం వస్తుంది. పుచ్చుకోవడం తెలియనివారు ఇవ్వడంలోనూ ఎక్కడో ఒకచోట తప్పటడుగు వేస్తారు.

మొహర్రం నెలలో నెల్లూరులో జరిగే రొట్టెల పండుగకు పిల్లలను ఒక్కసారైనా తీసుకువెళ్ళండి. బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కోరిక ఉన్నవారు రొట్టె తీసుకుంటారు. కోరిక తీరినవారు మరుసటి ఏడు రొట్టె తెచ్చి, అదే కోరికతో వచ్చినవారికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె అని పిలిచి మరీ ఇస్తారు, హిందువులూ ముస్లింలూ అన్న తేడా లేకుండా పుచ్చుకుంటారు. నీళ్ళలో నిలబడిన ఒక ముసలమ్మ తడి చెంగు తల మీద కప్పుకుని, చేతిరుమాలులో చుట్టిన రొట్టెను విప్పి, ఎన్నడూ చూడని ఒక కుర్రవాడికి సగం తుంచి ఇస్తూ "మా మనవడికి వచ్చింది నాయనా, నీకూ వస్తది" అనడం నేను పక్కనే నిలబడి విన్నాను. ఉద్యోగం రొట్టె అది. ఇచ్చినవారికే తిరిగి ఇవ్వనక్కరలేదని, మనకు అందినదాన్ని ముందుకు పంపితే చాలునని చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. వెళ్ళేముందు మాత్రం, జనం ఎక్కువగా ఉంటారు కాబట్టి, పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి.

ఒంగోలు వైపు పిల్లలకు ప్రకాశం పంతులుగారి బాల్యం చెప్పండి. 1872లో పుట్టిన ఆయనకు పదకొండేళ్ళ వయసులో తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. ఇమ్మనేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఆయనను చేరదీసి, తనతోపాటు రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషి, జిల్లాకే పేరైన మనిషి, ఒక మాస్టారి దగ్గర సహాయం పుచ్చుకుని పైకి వచ్చినవాడే. సహాయం తీసుకోవలసి వచ్చిన పిల్లవాడు తలదించుకుని కూర్చున్నప్పుడు ఈ సంగతి చెప్పవచ్చు.

పుచ్చుకునేటప్పుడు అనవలసిన మాట గురించి చాలామంది అడుగుతుంటారు. థ్యాంక్స్ అనడంలో తప్పు లేదు, పిల్లలు బడిలో అలాగే నేర్చుకుంటారు. కానీ అమ్మమ్మ పెట్టిన అరిసెకు, పక్కింటి అన్న దింపి ఇచ్చిన గాలిపటానికి ఆ మాట ఒక్కోసారి పొడిగా వినిపిస్తుంది. మన పెద్దలు ఆ చోట వస్తువు సంగతి చెప్పేవారు: "నువ్విచ్చిన ఆవకాయతోనే ఈ వారమంతా అన్నం తిన్నాం అత్తా" అనేవారు. ఇచ్చినది తమకు ఎలా పనికివచ్చిందో, కొన్నాళ్ళ తరువాత అయినా సరే, వెళ్ళి చెప్పడం పిల్లలకు నేర్పండి. చిన్న తరగతిలో నేను ఇచ్చిన పెన్సిలు పెట్టెను ఇంజనీరింగ్ చదువుతూ కూడా దాచుకున్నానని ఒక అబ్బాయి ఇంటికి వచ్చి చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ సన్మానంలోనూ కలగలేదు.

పదమూడు నుంచి పదిహేడేళ్ళ దాకా

ఈ వయసులో పిల్లలు మన మాట వినరని అంటారు. వింటారు, కాకపోతే ఉపన్యాసం వినరు. పని చెబితే చేస్తారు. ఆర్టీసీ బస్సులో పెద్దవారికి సీటు ఇచ్చేటప్పుడు "కూర్చోండి" అని అందరూ వినేలా చెప్పి, పక్కన నిలబడి వారినే చూస్తూ ఉండక, దిగేవాడిలా లేచి కొంచెం ముందుకు జరిగితే చాలునని ఒకసారి చేసి చూపండి. దుకాణంలో చిల్లర ఎక్కువ వస్తే వెనక్కి ఇచ్చేటప్పుడు కూడా అంతే, దుకాణదారు పొరపాటును నలుగురికీ చాటకూడదు.

పరామర్శకు ఈ వయసులోనే వెంట తీసుకువెళ్ళాలి. చావు ఇంటికి పిల్లలెందుకని చాలామంది వదిలేసి వెళతారు. అలా పెరిగినవారు ఇరవై అయిదేళ్ళు వచ్చినా స్నేహితుడి తండ్రి పోతే ఏం చేయాలో తెలియక ఫోన్‌లో రెండు చేతుల బొమ్మ పంపి ఊరుకుంటారు. వెళ్ళేముందు నాలుగు విషయాలు చెప్పండి. ఎలా జరిగింది, ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చయింది అని అడగకూడదు. మాట తోచకపోతే ఊరికే కూర్చున్నా చాలు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి చిన్నపిల్లలకు, ముసలివారికి ఆకలి వేస్తూ ఉంటుంది. పాలు కాచి తేవడం, కుర్చీలు సర్దడం, వచ్చినవారికి నీళ్ళు ఇవ్వడం వీరి పని. బయలుదేరేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకుండానే రావాలి. పదకొండో రోజు తరువాత అందరూ వెళ్ళిపోయి ఇల్లు ఖాళీ అయినప్పుడు ఇంకొకసారి వెళ్ళి రావడం అన్నిటికంటే ముఖ్యం.

మంచి పిల్లలను వాడుకునేవారూ ఉంటారు. అడిగినప్పుడల్లా డబ్బు ఇచ్చే, రికార్డులు రాసిపెట్టే పిల్లవాడు ఒకరోజు విసిగిపోయి అసలు ఇవ్వడమే మానేస్తాడు. కాదనడం కూడా మర్యాదలో భాగమేనని చెప్పండి. "ఈసారి కుదరదురా" అని ఒక్క మాటలో, సాకులు అల్లకుండా, గొంతు మామూలుగా ఉంచి చెప్పడం ఇంట్లో మీతోనే అభ్యాసం చేయించండి. స్నేహితుడికి డబ్బు ఇవ్వవలసి వస్తే, తిరిగి రాకపోయినా స్నేహం చెడనంత మాత్రమే ఇవ్వాలి.

పద్దెనిమిది నిండిన తరువాత

ఈ పుట్టినరోజుకు బండి కొనివ్వాలనుకునే తల్లిదండ్రులు, దానికి ముందు రక్తదాన కేంద్రానికి వెంట తీసుకువెళ్ళండి. పద్దెనిమిది నుంచి అరవై అయిదేళ్ళ మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాములకు తగ్గని హిమోగ్లోబిన్ ఉంటే రక్తం ఇవ్వవచ్చు. మగవారు 90 రోజులకు, ఆడవారు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. తీసుకునేది మామూలుగా 350 మిల్లీలీటర్లు. ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు, ముందు బాగా నీళ్ళు తాగాలి, ఇచ్చిన తరువాత కాసేపు అక్కడే కూర్చోవాలి. అది ఎవరికి వెళ్ళిందో ఇచ్చినవారికి తెలియదు, పుచ్చుకున్నవారికి ఎవరిచ్చారో తెలియదు. పరికిణీ విషయంలో నేను తెలుసుకోలేకపోయినది అక్కడ దానంతటదే జరిగిపోతుంది.

నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా వెళ్ళే పదహారో నంబరు జాతీయ రహదారి మీద బండి నడపబోయేవారికి ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. రోడ్డు ప్రమాదంలో పడినవారికి సహాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం ఇప్పటికీ ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, మంచి మనసుతో సహాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది; పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతం చేయకూడదు, సాక్షిగా ఉండాలా వద్దా అన్నది వారి ఇష్టం. 108కి ఫోన్ చేయడం, వెనక వచ్చే వాహనాలు గుద్దకుండా తమ బండిని పక్కన ఆపి లైట్లు వేయడం, వెన్నెముకకు దెబ్బ తగిలి ఉండవచ్చు కాబట్టి అంబులెన్స్ వచ్చేదాకా మనిషిని అనవసరంగా కదిలించకపోవడం, చేయి పట్టుకుని పక్కన కూర్చోవడం: ఇవి ఎవరైనా చేయగలిగినవే. స్నేహితుడి బండి అడిగి తీసుకువెళ్ళినప్పుడు పెట్రోలు పోయించి, తుడిచి ఇవ్వాలని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. గిన్నె మోసి పెరిగిన పిల్లలకు అది వచ్చే ఉంటుంది.

తప్పు జరిగినప్పుడు

ఇంత నేర్పినా పిల్లలు తప్పు చేస్తారు. పనిచేసే అక్కను విసురుగా ఒక మాట అంటారు, ముసలాయన నడకను అనుకరించి నవ్వుతారు. అందరి ముందూ కొట్టి, తిట్టి "సారీ చెప్పు" అని నిలబెట్టవద్దు. అప్పుడు వచ్చే సారీ మన భయానికి వచ్చేది. పిల్లవాడిని లోపలికి పిలిచి, తలుపు వేసి, వాడు అన్న మాటను వాడికే నెమ్మదిగా తిరిగి వినిపించండి. సాయంత్రం దాకా సమయం ఇవ్వండి. ఆ తరువాత వాడే వారి దగ్గరకు వెళ్ళి, తాను ఏమన్నాడో పేరుపెట్టి చెప్పి, అలా అనకూడదని చెప్పాలి: "పొద్దున నిన్ను అట్టా కసిరినాను అక్కా, తప్పు." ఒకవేళ మీరే తప్పు చేసి ఉంటే, మీరూ అలాగే వెళ్ళి, పిల్లవాడు వినేటట్లు చెప్పండి. ఆమె "పోనీలే అమ్మా" అని కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోతుంది. మీరు వెంటనే ఏదో ఒకటి ఇచ్చి ఆ బరువు దించుకోవాలని చూడకండి. ఆ పూట ఊరికే ఉండండి.